చివరి పేరా

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇమొజీన్ టాల్బర్ట్ నోరు మంచిది కాదు.
అయినా ఊరంతా వచ్చింది,
టాంబిగ్బీ నది ఒడ్డున
ఎరలమ్మే కొట్టు వెనక వరండాలోకి,
మడత కుర్చీలు చాలక
ఐసుపెట్టెల మీద కూడా కూర్చుంటూ.

అలబామాలో జూన్ నెల.
గాలి తడిగుడ్డలా మెడకు చుట్టుకుంది.
ఉప్పునీళ్ళలో ఉడికిన వేరుశెనక్కాయల గిన్నె
చేతులు మారుతోంది.
ఎవరు మొదలుపెట్టాలో తెలీక
అందరం తొక్కలు ఒలుస్తున్నాం.

ఈ కొట్టులోనే రాసేదామె,
వానపాముల డబ్బాల పక్కన, పెన్సిల్‌తో,
పద్దుల పుస్తకం వెనక వైపు నుంచి.
ముందు వైపు నుంచి తమ్ముడు కోయ్ లెక్కలు.
ఆరో నవల చివరి అధ్యాయం
గాలాల బాకీలకు ఎదురెళ్ళి ఢీకొంది.
అందుకే అంత హఠాత్తుగా ముగిసిందని
న్యూయార్క్ విమర్శకులకు ఎవరూ చెప్పలేదు.

ఆ న్యూయార్క్ నుంచే ఎడిటర్ ఉత్తరం పంపాడు.
అందులో 'దక్షిణాది గొంతు' అని మూడుసార్లుంది.
మూడోసారికి కోయ్ ఫ్రిజ్ తలుపు ధన్‌మని వేసి
"మా అక్కకు అలాంటిదేం లేదు,
జలుబు చేసినప్పుడు తప్ప" అన్నాడు.

తర్వాత లేచింది జెనోబియా గెయిన్స్, కవయిత్రి,
మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా.
"రెండో పుస్తకం అచ్చయ్యాక అడిగాను:
ఇమొజీన్, నీ కథలో తెల్లవాళ్ళ కుక్కకి కూడా ఇంటిపేరుంది,
వంట చేసే ఆవిడకేదీ? అని.
నెల రోజులు నాతో మాట్లాడలేదు.
ఒక ఆదివారం మా చర్చి మెట్ల దగ్గర కాచుకుని ఉంది.
మీ పాత సమాధుల మీద పేర్లు చూపిస్తావా అంది.
మధ్యాహ్నమంతా గడ్డి పీకుతూ చదివాం.
తను క్షమాపణ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.
మూడో నవల మొదటి వాక్యం మీకు తెలుసు.
అది వాక్యం కాదు. ఒక మనిషి పూర్తి పేరు."

హార్లన్ బీజ్లీ వస్తాడనుకోలేదు.
ఆమె ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు,
పదకొండేళ్ళు,
వాళ్ళమ్మ విగ్గు నవల్లోకి ఎక్కినప్పటి నుంచి.
చర్చిలో, పాట మధ్యలో,
ఫ్యాను గాలికి లేచిపోయిన విగ్గు.
దేశమంతా నవ్వింది.
ఇప్పుడు టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ అన్నాడు:
"అమ్మది ఎర్ర విగ్గు. పుస్తకంలో నల్లది.
ఎవరిదో తెలియకూడదనే రంగు మార్చింది.
నేనే ఊరంతా తిరిగి
అది మా అమ్మేనని చెప్పుకొచ్చాను."
ఎవరో నవ్వారు. తర్వాత అతనే నవ్వాడు,
నవ్వీ నవ్వీ
టోపీలో మొహం దాచుకున్నాడు.

నా వంతు.
నేనూ నాలుగు నవలలు రాశాను.
ఈ కొట్టులో అమ్ముడైంది ఒక్క కాపీ, కొన్నది ఆమే.
ప్రతిసారీ రాతప్రతి ముందు ఆమెకే వెళ్ళేది.
ప్రతిసారీ చివరి పేరా మీద అడ్డంగా గీత,
పక్కన సన్నటి అక్షరాలు:
"విల్టన్, కథ ఇంటికెళ్ళిపోయింది.
నువ్వింకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నావు."

కిందటి మార్చిలో, డెమోపొలిస్ ఆసుపత్రిలో,
నిజంగానే గొంతు పోయాక,
కొత్త కథ చదివి వినిపించాను.
కళ్ళు మూసుకునే వింది.
చివరికొచ్చేసరికి
దుప్పటి మీద వేలొకటి
ఎడమ నుంచి కుడికి జరిగింది.
నొప్పేమోనని నర్సు పరుగెత్తుకొచ్చింది.

ఇదంతా కాగితం మీద రాసి తెచ్చాను. చదివాను.
కింద ఇంకో ఆరు లైన్లున్నాయి,
నది గురించి, నీళ్ళ మీద వెలుగు గురించి,
ఆమె ఎక్కడికీ పోలేదని.

బీజ్లీ జేబులో పెన్సిల్ కనబడింది.
అడిగాను.